తంగేడు దొడ్డిలో మాట్లాడిన రేగుపండు

రండర్రా, రండి. గడప దగ్గర ఎవరూ నిలబడొద్దు, లోపలికి గాలి రాదు. మద్దిలేటీ, ఆ చాప ఇటు లాగు. సుగుణా, కాళ్లు ముడుచుకుంటే నీ పక్కన ఇంకో ఇద్దరు పడతారు. చిన్నవాళ్లు ముందుకు, పొడుగువాళ్లు వెనక్కి. ఆఁ, ఇప్పుడు బాగుంది.

పొద్దున నల్లబల్ల మీద కణం బొమ్మ గీసి ఇదేమిట్రా అని అడిగితే, మీలో సగంమంది పూరీ అన్నారు. మిగతావాళ్లు మధ్యలో చుక్క ఉంది కాబట్టి గుడ్డట్టు అన్నారు. ఆకలి మీద ఉన్నవాళ్లకు అలాగే కనిపిస్తుంది లెండి. ఆ పూరీలో ఎవరెవరు కాపురముంటారో, ఎవరి పని ఏమిటో ఇప్పుడు చెబుతాను. పుస్తకంలో వాళ్ల పేర్లు నోరు తిరగవు. అందుకని ముందు ముఖాలు గుర్తుపట్టండి, పేర్లు మెల్లగా అవే వస్తాయి.

ఒక గుట్ట వాలులో తంగేడు పొదల మధ్య జంతువుల దొడ్డి ఒకటి ఉండేది. దాని చుట్టూ రాతిగోడ లేదు, తాటాకు తడిక ఉండేది. తడికే కదా అని చులకన చేయకండి. అది మెత్తగా ఉంటుంది, వంగుతుంది, చిన్న చిరుగు పడితే తనంతట తానే సర్దుకుంటుంది. సందుల్లోంచి గాలి వచ్చిపోతుంది, నీళ్లు ఊరుతాయి. అంతకన్నా బరువున్నది ఏది లోపలికి రావాలన్నా తడిక దగ్గర కూర్చున్న ఏదుపందిని అడగాల్సిందే. ఆమెను పందుల్లో కలపకండి, కోపమొస్తుంది. అందరూ ఏదత్త అని పిలిచేవాళ్లు. మీ పుస్తకం ఆ తడికను కణత్వచం అంటుంది. పక్కన చెట్లవాళ్ల దొడ్లకైతే తడిక బయట గట్టి గోడ కూడా ఉంటుంది. వాళ్లు ఎండను పట్టుకుని వంట చేసుకుంటారు కూడా. మన దొడ్డిలో ఆ సౌకర్యం లేదు, బయటి నుంచి తిండి రావాలి.

ఆ దొడ్డి మీద ఒక నక్క కన్నేసింది. తడిక సందులోంచి చూస్తే లోపల బలిసిన గిజిగాళ్లు, వాటి పిల్లలు కనిపించేవి. దూకుదామంటే ఏదత్త ముళ్లున్నాయి. అందుకని రోజూ వచ్చి తడిక పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది.

"ఏం అత్తా, ఇంత ఎండలోనూ కాపలాయేనా?"

"ఏం అల్లుడూ, ఇంత ఎండలోనూ తిరుగుడేనా?"

"నీ మాట వినకపోతే నాకు పొద్దు పోదు అత్తా. అవునుగానీ, లోపల ఆ పాట ఎవరిది?"

"గోరింకది. పాట దానిది కాదనుకో, తాబేలు తాతది."

ఏదత్తకు ఒక బలహీనత ఉంది. అడిగితే చెప్పకుండా ఉండలేదు.

"దొడ్డి నడిమధ్యన తాబేలు తాత ఉంటాడు. ఈ దొడ్డిలో ఏ వస్తువు ఎలా అల్లాలో, ఏది ఎలా కట్టాలో, ఆ పదాలన్నీ ఆయన డొప్పలోనే ఉంటాయి. ఆయన బయటికి రాడు, పదాన్నీ బయటికి పోనివ్వడు. డొప్పకు చిన్న చిన్న కన్నాలున్నాయి. గోరింక అందులోంచి దూరి, కావలసిన పదం విని, ఒక్క అక్షరం పోకుండా నేర్చుకుని, ఎగిరొచ్చి గిజిగాళ్లకు వినిపిస్తుంది."

"గిజిగాళ్లు ఏం చేస్తాయి?"

"విన్నది విన్నట్టు అల్లుతాయి. 'పైకో పోగు, కిందికో పోగు, మూల తిప్పి మెలిక' అని గోరింక పాడితే బుట్ట తయారు. పదం మారితే తాడు, ఇంకోటి పాడితే తడిక చిరుగుకు మాటు."

"ఎందుకు అల్లుతున్నాం అని అడగవా?"

"అడిగితే పనెప్పుడవుతుంది అల్లుడూ? పదం వచ్చిందా, పోగు పడిందా, అంతే."

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఎవరు పాడారని కూడా అడగవన్నమాట! తను లోపలికి పోయి ఉచ్చుల పదం పాడితే చాలు. ఆ గిజిగాళ్లే కూర్చుని, తమను పట్టే ఉచ్చులు తామే అల్లిపెడతాయి. ఏరుకుని తినడమే తన పని.

(తాబేలు తాతను పుస్తకంలో కేంద్రకం అంటారు. గిజిగాళ్లు రైబోజోములు, మన ఒంటికి కావలసిన ప్రోటీన్లు అల్లేది అవే. రాసుకోకు మద్దిలేటీ, విను.)

"మరి అత్తా, లోపలికి తిండి ఎలా పోతుంది? నువ్వు తలుపు తీస్తావా?"

"తలుపెక్కడిది? చిన్నవాటికి చిన్న సందులున్నాయి, ఎవరి సందు వాళ్లది. పెద్ద ముద్ద ఏదైనా వస్తే నేను ముక్కుతో వాసన చూస్తాను, ఒళ్లు తడుముతాను. మన తిండే అనిపిస్తే తడికలోకి నెడతాను. తడిక లోపలికి వంగి, దాన్ని చుట్టుకుని, మూతి బిగించుకుంటుంది. అలా మూటై లోపల పడుతుంది. చుట్టిన ముక్క పోగా మిగిలిన తడిక మళ్లీ కలుసుకుంటుంది. చినిగినట్టే తెలియదు."

"లోపల పడ్డాక మూట విప్పి చూడవా?"

"నేనెందుకు విప్పుతాను? అది నా పని కాదు. ఆ మూట ఎక్కడికి పోతుందంటే..."

"చాల్లే అత్తా, అర్థమైంది" అని నక్క లేచింది. ఎవరూ మూట విప్పరట! ఇంతకన్నా తెలుసుకోవలసిందేముంది?

ఒక్క చిక్కు మిగిలింది. దొడ్డిలో ఓ మూలన పందిమామ ఉన్నాడు. ఆ దొడ్డి మొత్తంలో కోరలున్నది ఆయనొక్కడికే. ఆయనను బయటికి పంపించేస్తే గానీ నక్కకు ధైర్యం చాలదు.

పందిమామ సంగతి కొంచెం చెప్పాలి. ఆయనకు మందంగా మెత్తిన బంకమట్టి గొయ్యి ఒకటి ఉండేది. గోతి నిండా పుల్లటి నీళ్లు. అందులో ఏది పడితే అది నాని, కరిగి, పీచు పీచుగా విడిపోయేది. పాత తడిక ముక్కలు, చివికిపోయిన బుట్టలు, విరిగిన కర్రలు, ఏదైనా సరే ఆయన గోతిలోకే. ఆయన మధ్యలో కూర్చుని నమిలేవాడు, త్రేన్చేవాడు, గురక పెట్టేవాడు. తన గురించి గొప్పగా చెప్పుకునేవాడు కూడా. "ఈ దొడ్డిలో నేను అరిగించుకోలేనిది ఒక్కటే, పిన్ని సాధింపు" అనేవాడు.

పిన్ని అంటే కొండముచ్చు పిన్ని. ఆమె ముందు ఎప్పుడూ మోదుగాకు విస్తళ్ల దొంతర ఉండేది. గిజిగాళ్లు అల్లినవి చీమల బాట వెంట ఆమె దగ్గరికి వచ్చేవి. ఆ బాట మెలికలు తిరిగి దొడ్డంతా అల్లుకుని ఉండేది. దాని గట్టు మీదే గిజిగాళ్లు చాలావరకు వరసగా కూర్చుని పని చేసేవి. పిన్ని వచ్చినదాన్ని సర్ది, కొసలు కత్తిరించి, విస్తట్లో చుట్టి, పుల్ల గుచ్చి, గుర్తు పెట్టేది. తంగేడు పువ్వు గుచ్చితే తడికకు, రేగాకు గుచ్చితే పందిమామ గోతికి. గుర్తు లేకుండా ఒక్క పొట్లం కూడా ఆమె చెయ్యి దాటదు. ఆ దొంతర పేరు గాల్జీ సంక్లిష్టం. నాకూ మొదట్లో నోరు తిరగలేదు.

ఒక పొద్దున పిన్ని తడిక దగ్గరికి పొట్లాలు తెచ్చింది. నక్క సందులోంచి ముక్కు మూసుకుని పలకరించింది.

"పిన్నీ, నీ చేతి పొట్లం ఎంత అందంగా ఉంటుందో! ఒక్కటే లోపం."

"ఏమిటో?"

"పంది కంపు కొడుతుంది. బయట అందరూ అంటున్నారు, నేను అనడం లేదు."

పిన్ని ముఖం మాడిపోయింది. "నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను. వింటేగా!"

"కంపుదేముంది, ముక్కు మూసుకోవచ్చు. ఆ గోతి గోడ బీటలు వారితే? ఆ పులుపు నీళ్లు దొడ్డి మీద పడితే మీరంతా ఏమవుతారు? బుట్టలు కరిగినట్టు కరిగిపోరూ?"

ఇందులో అబద్ధం లేదర్రా. అదే నక్క తెలివి. ఆ గోతిని పుస్తకంలో లైసోజోము అంటారు, అది పగిలితే కణం తనను తానే తినేస్తుందని కూడా రాసి ఉంటుంది. నక్క నిజమే చెప్పింది, సగం చెప్పింది. గోడ పగలకుండా ఎన్ని గిజిగాళ్లు దానికి రోజూ మాటు పెడుతున్నాయో చెప్పలేదు, దానికి తెలియదు కూడా.

పిన్ని వెళ్లి గిజిగాళ్లకు చెప్పింది. గిజిగాళ్లు ఒకటంటే పది అనుకునే జాతి. క్షణంలో దొడ్డంతా గోల. అందరూ తాబేలు తాత డొప్ప చుట్టూ చేరారు.

"తాతా, పంది ఉండాలా, మేముండాలా?" అంది పిన్ని.

"ముక్కు మూసుకుని పాడితే రాగం రావట్లేదు తాతా" అంది గోరింక.

"నీకు ముక్కు మూసుకోకపోయినా రాదు" అన్నాడు పందిమామ వెనక నుంచి.

"చూశారా, ఎంత పొగరో!"

తాబేలు తాత మెల్లగా తల బయటపెట్టాడు. ఆయన తల బయటికి వచ్చేసరికి సగంమందికి ఏం అడిగామో గుర్తుండదు. "గొయ్యి ఎలా తవ్వాలో నా దగ్గర పదముంది. గోడ ఎలా మెత్తాలో పదముంది. గొయ్యి లేకుండా ఎలా బతకాలో మాత్రం లేదురా అబ్బాయిలూ."

"లేకపోతే కొత్తది కట్టు తాతా!"

"నేను దాచేవాణ్ని, కట్టేవాణ్ని కాదు" అని తాత తల లోపలికి లాక్కున్నాడు.

ఇంక గోల చేసినవాళ్లదే మాటయింది. పొద్దు గూకేలోగా పందిమామ దొడ్డి వదిలిపోవాలి, గోతిని మట్టితో పూడ్చేయాలి. అదీ తీర్పు.

పందిమామ పొట్ట నిమురుకుని అన్నాడు. "పొమ్మంటే పోతాను. కానీ ఖాళీ కడుపుతో నేను పొలిమేర దాటను. ఈ పూట వచ్చే మూటలు నావే. అవి తిని పోతాను."

"తిండి ధ్యాసే!" అని మూతి తిప్పుకుంది పిన్ని.

అందరూ వెళ్లిపోయాక గానుగెద్దు వచ్చాడు. దొడ్డిలో గానుగ తిప్పేది ఆయనే, ఆయన అన్నదమ్ములే. వాళ్ల కొట్టం లోపలి గోడ తిన్నగా ఉండదు, మడతలు మడతలుగా ఉంటుంది. అలాగైతేనే కొంచెం చోటులో ఎక్కువ గానుగలు పడతాయి. మేతా, గాలీ అందితే చాలు, గానుగ ఆగదు. ఆ గానుగ నూనె చుక్క గొంతులో పడితే గానీ గిజిగాడు పోగు ముట్టడు, పిన్ని పుల్ల గుచ్చదు. మైటోకాండ్రియా, మైటోకాండ్రియా అని పొద్దున మీరు నవ్వారే, ఆ కొట్టమే అది.

"బావా, ఎక్కడికి పోతావు?" అన్నాడు ఎద్దు.

"ఏ దొడ్డి రానిస్తుంది నన్ను? అందరికీ తిన్నది అరగాలి. అరిగించేవాడు మాత్రం కంటికి కనబడకూడదు. పైగా గొయ్యి లేకుండా నేనెవర్ని బావా? ఉత్త ఆకలిని. నెల తిరక్కుండా చస్తాను."

మొదటిసారి పందిమామ గొంతులో గొప్ప లేదు. ఎద్దు తోక ఊపి అన్నాడు.

"మా ముత్తాత ఈ దొడ్డికి మూటలోనే వచ్చాడట. ఆ మూట గోతి దాకా వచ్చినా మీ ముత్తాత తినకుండా వదిలేశాడట."

"అవును, చెప్పేవారు. రుచిగా లేడట."

"కాదు బావా! గానుగ తిప్పుతానన్నాడట."

"రెండూ నిజమై ఉంటాయి" అన్నాడు పందిమామ. ఇద్దరూ నవ్వారు. ఎద్దు తన గానుగ దగ్గరికి పోయాడు, పందిమామ మూటల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

(ఎద్దుల ముత్తాత సంగతి నేను కల్పించానని అనుకుంటున్నావా సుగుణా? ఎప్పుడో చాలా కాలం కిందట మైటోకాండ్రియా బయట తిరిగే చిన్న జీవి అనీ, ఒక కణం లోపలికి వచ్చి అక్కడే ఉండిపోయిందనీ సైన్సు చదివినవాళ్లు చెబుతారు. పైచదువుల్లో నువ్వూ చదువుతావు.)

అదే మధ్యాహ్నం నక్క పరుగెత్తుకొచ్చింది.

"అత్తా, పంది పోయాడా?"

"పోయినట్టే అల్లుడూ. ఇంక మూటలొకటి..."

మాట పూర్తి కాలేదు, నక్క లేదు. 'పోయినట్టే' అన్న ఒక్క మాట పట్టుకుని గుట్ట చాటుకు పోయింది. అక్కడ రేగుపండ్లు రాలి, మగ్గి, గుజ్జుగా పడి ఉన్నాయి. నక్క అందులో పొర్లింది, మళ్లీ పొర్లింది. తోక ముడిచి, మూతి కడుపులో దాచుకుని, గుండ్రంగా చుట్టుకుంది. దొడ్డికి రోజూ వచ్చే రేగుపండ్ల ముద్ద లాగానే తయారై, దొర్లుకుంటూ వచ్చి తడిక ముందు ఆగింది.

ఏదత్త వాసన చూసింది. రేగుపండే. ఒళ్లు తడిమింది. గుజ్జు, తొక్క, గింజలు. "అబ్బ, ఈసారి పండు బాగా బలిసింది!" అని మెచ్చుకుంటూ తడికలోకి నెట్టింది. తడిక వంగింది, చుట్టుకుంది, మూతి బిగించుకుంది. మూట దభీమని లోపల పడింది.

చీమలు వచ్చి మూటను తలకెత్తుకున్నాయి. మూటలో నక్క నవ్వుకుంది. బాట పక్కన గిజిగాళ్ల రెక్కల చప్పుడు వినిపించగానే గొంతు సవరించుకుని, గోరింక గొంతుతో పదం ఎత్తుకుంది.

"పైకో పోగు, కిందికో పోగు,
కొస తిప్పి ముడి, లాగితే బిగి!"

గిజిగాళ్లు తలెత్తను కూడా లేదు. పదం వచ్చింది, పోగు పడింది. ఒకటి అల్లింది, పక్కది అల్లింది, దాని పక్కది అల్లింది. మూట సాగిపోతూనే ఉంది, పాట వినిపిస్తూనే ఉంది. ఉచ్చులు గుట్టగా పడుతున్నాయి. ఒక గిజిగాడి పిల్ల ఆడుకుంటూ ఉచ్చులో కాలు పెట్టింది. బిగుసుకుంది. అది కీచుమంది. తల్లి "ఉండవే, పనిలో ఉన్నాను" అని ఇంకో ఉచ్చు అల్లింది.

ఉచ్చులు చీమల బాట మీద పిన్ని ముందుకు వచ్చి పడ్డాయి. పిన్ని ఒకటి తీసుకుంది, అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఇదేం అల్లికే? బుట్టా? కాదు. చిరుగుకు వేసే మాటా? కాదు. తడికకు పంపాలా, గానుగకా? ఏ పువ్వు గుచ్చాలి దీనికి?"

గోరింక అప్పుడే అటు వచ్చింది.

"ఏమే గోరింకా, ఈ పదం ఎప్పుడు తెచ్చావు?"

"నేనా? పొద్దుటి నుంచి నేను పాడనే లేదు. పంది గొడవతో తాత పదమే ఇవ్వలేదు."

"మరి అక్కడ పాడేదెవరు?"

ఇద్దరూ బాట వైపు చూశారు. పాడుతున్నది మూట.

పిన్ని కేక పెట్టింది. కానీ చీమలు కేకలకు ఆగవు. బయటి నుంచి వచ్చిన మూట ఎక్కడికి పోవాలో వాటికి ఒకటే తెలుసు. విప్పి చూడాల్సిన పని ఎవరిదో, అక్కడికే. పందిమామ గోతికే.

మూట గోతి అంచు చేరింది. మూటకు చుట్టిన తడిక ముక్క గోతి అంచుకు అతుక్కుని, మూతి విడింది. లోపలిది జారి బుడుంగుమని పడింది. పడుతూ పడుతూ కూడా "లాగితే బిగి" అంటోంది.

పందిమామ కళ్లు పెద్దవి చేశాడు. "ఏమిట్రా ఇది, ఈ రేగుపండు మాట్లాడుతోందే!"

నక్క కళ్లు తుడుచుకుని చూసింది. ఎదురుగా కోరలు. "మామా... నువ్వు... పోలేదా?"

"పోతూ పోతూ నీకోసమే ఆగాను అల్లుడూ. చివరి మూట కదా, మర్యాదగా తినాలి."

నక్కకు ఒళ్లంతా చిమచిమ మొదలైంది. పులుపు నీళ్లు గుజ్జును తినేశాయి, ఇంక బొచ్చు పని పట్టాయి. నక్క గోడ ఎక్కబోయింది, జారింది. గోడను తన్నింది, కదల్లేదు. ఇంక నోరే దిక్కయింది.

"మామా, విను. నిన్ను కంపని గెంటేస్తున్నారు కదా, ఆ కృతఘ్నుల కోసం నన్ను చంపుతావా? నన్ను విడిచిపెట్టు. ఇద్దరం కలిసి వాళ్లనే తిందాం. నీకు సగం."

పందిమామ నమలడం ఆపాడు. పైన గోతి అంచున పిన్ని, గోరింక, గిజిగాళ్లు తొంగి చూస్తున్నాయి. పొద్దున తామన్న మాటలు వాళ్లకు గుర్తొస్తున్నాయి.

"ఏమన్నావు?" అన్నాడు పందిమామ. "కంపని గెంటేస్తున్నారా? ఆ మాట ఈ పొద్దున దొడ్డిలో అనుకున్నది. బయట తిరిగే నీకెలా తెలిసింది?"

నక్క మళ్లీ గోడ ఎక్కబోయి జారింది. పైన పిన్ని మెల్లగా తల దించుకుంది.

"పోనీ మామా, నన్నూ ఉంచుకో! ఆ గానుగెద్దు ముత్తాత మూటలో వస్తే వదిలేశారట కదా, ఏదత్తే చెప్పింది. నేనూ మూటలోనే వచ్చాను. నాకో న్యాయం, ఎద్దుకో న్యాయమా?"

"మంచి మాట అడిగావు" అన్నాడు పందిమామ. "ఎద్దు వచ్చి గానుగ తిప్పాడు. నువ్వు వచ్చి ఏం చేశావు? వీళ్ల గానుగ నూనె ఖర్చు చేయించి, వీళ్ల పోగులతో, వీళ్ల చేతులతోనే వీళ్లకు ఉచ్చులు అల్లించావు. ఎద్దు మూటలోంచి దిగి కాపురం పెట్టాడు. నువ్వు మూటలోంచి దిగకముందే దోపిడీ మొదలుపెట్టావు."

అని నక్కను పట్టుకుని నీళ్లలో ముంచాడు. ముంచి తీశాడు. మళ్లీ ముంచాడు. బొచ్చంతా పీచు పీచుగా ఊడొచ్చింది. తోకైతే ఎండిన ముల్లంగిలా మిగిలింది. పందిమామ ఒకసారి నాకి చూసి ముఖం వికారంగా పెట్టాడు.

"ఛీ, చేదు! బొచ్చు పనికొస్తుంది, మిగతాది పనికిరాదు. బయట పారేయండర్రా."

పనికిరానిదాన్ని ఎలా పారేయాలో ఆ దొడ్డికి తెలుసు. మూట కట్టి తడిక దగ్గరికి తెచ్చారు. మూటకు చుట్టిన ముక్క తడికతో కలిసిపోయింది, లోపలిది బయటికి ఊడిపడింది. ఏదత్త అక్కడే ఉంది.

"ఏం అల్లుడూ, స్నానం చేశావా? ఒంటి మీద ఒక్క వెంట్రుక లేదేం?"

నక్క పక్కకు జారుకోబోయింది.

"ఉండు, పోకు. ఒకసారి వాసన చూడనీ." ముక్కు దగ్గర పెట్టి నిదానంగా పీల్చుకుంది. "ఆఁ. ఇంక ఈ వాసన మరచిపోను. ఇంకోసారి రేగుపండై వచ్చినా, మామిడిపండై వచ్చినా, ముందు ముళ్లే పలకరిస్తాయి."

నక్క గుట్ట అవతలికి పరుగు తీసింది. ఎండ నేరుగా చర్మానికి తగులుతుంటే పొద ఉన్నచోటల్లా ఆగి, నీడలో నిలబడి, మళ్లీ పరుగు తీసింది.

ఇటు దొడ్డిలో ఉచ్చులన్నీ పందిమామ గోతిలోకి తోశారు. అవి కరిగి మళ్లీ మంచి పీచై చీమల బాట మీద గిజిగాళ్ల దగ్గరికి వచ్చాయి. పిల్ల కాలికి తగిలిన ఉచ్చును తల్లే ముక్కుతో తెంపింది. రోజూ తమకొచ్చే తెల్లటి పీచు ఎక్కడి నుంచి వస్తోందో గిజిగాళ్లు ఆ పూటే మొదటిసారి అడిగి తెలుసుకున్నాయి. తెలిసి ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి. నక్క బొచ్చు కలిసిన పీచుతో గోతి గోడకు కొత్త మాటు అల్లాయి.

పొద్దు గూకింది. గోతిని పూడ్చడానికి తెచ్చిన మట్టి గుట్టగా అలాగే ఉంది. పందిమామ లేచి, కాళ్లు విదుల్చుకుని, "ఇంక వస్తాను" అన్నాడు.

గానుగెద్దు వెళ్లి దారికి అడ్డంగా పడుకున్నాడు.

"లే బావా, తీర్పు తీర్పే."

ఎద్దు లేవలేదు. అప్పుడు పిన్ని గొంతు సవరించుకుంది. క్షమించమని అడగలేదు, కొండముచ్చులు అడగరు. "పొద్దు గూకేలోగా పోవాలన్నాం. పొద్దు గూకిపోయింది. ఇంక తీర్పు చెల్లదు" అంది. అని తన విస్తళ్ల దొంతరను ఎత్తుకుపోయి, గాలి వీచే వైపు, గోతి కంపు తగలనిచోట పెట్టుకుంది. అక్కడి నుంచి ఒక రేగాకు గుచ్చిన పొట్లం పందిమామకు పంపింది.

పందిమామ పొట్లం విప్పి, తిని, విస్తరి కూడా నమిలి, గోతిలో దిగి గురక పెట్టాడు. దొడ్డంతా ముక్కు మూసుకుంది. ఒక్కరూ కంపని మాత్రం అనలేదు.

నీతి ఒక్కటే: పాఠం సగం విని లేచిపోయినవాడికి, మిగతా సగం ఒంటి మీద చెబుతారు.

ఇంక లేవండి. చీకటి పడకముందే ఇళ్లకు చేరండి. మద్దిలేటీ, మీ అమ్మ సంగటి దించి ఉంటుంది, వేడి మీద తిను. చిన్నవాళ్ల చెయ్యి పట్టుకుని నడవండి. ఇంటికి పోగానే కాళ్లూ చేతులూ కడుక్కుని, కడుపునిండా తినండి. పొండి.